పదకొండో సెకను తర్వాత

కలాంపూన్ రేవులో డొమినిక్ చనిపోయి మూడు వారాలు. దుంగ జారి మీద పడిందని కలప కంపెనీ చెప్పింది. ఇనప కడ్డీతో కొట్టి చంపారని అతని చెల్లెలు రెల్వీ చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, చూపించింది. అడవి నరకడానికి వీల్లేదని దారికి అడ్డంగా కూర్చున్న వాళ్ళ వంశం మనుషుల మీదికి కంపెనీ కాపలావాళ్ళు విరుచుకుపడిన రోజున ఆమె కెమెరాతో అక్కడే ఉంది. తీసినదంతా టాబ్లెట్‌లోకి ఎక్కించుకుని, దోమతెరలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, వేలితోనూ పెన్నుతోనూ కత్తిరించి అతికించి, రెండు రోజుల్లో తొమ్మిది నిమిషాల సినిమా తయారుచేసింది. చర్చి హాల్లో దుప్పటి కట్టి దాన్ని ఊరందరికీ వేసి చూపించింది. కాపలావాళ్ళ పెద్ద కార్ల్ మాసో కడ్డీ ఎత్తడం, డొమినిక్ కూలిపోవడం అందరూ చూశారు. ఆ సాయంత్రమే కంపెనీ బుల్‌డోజర్లు రెండు తగలబడ్డాయి. ఒకదాంట్లో డ్రైవరు దిగలేకపోయాడు.

ఆ తర్వాత రెల్వీ ఊళ్ళో ఉండే వీల్లేకపోయింది. పడవ పట్టుకుని రబౌల్ పట్నానికి, తనకు ఎడిటింగ్ నేర్పిన ఓస్వాల్డ్ ఇంటికి వచ్చి తలదాచుకుంది. గురువారం మేజిస్ట్రేటు ముందు సినిమా పెట్టాలి. ఇప్పుడు మంగళవారం, పొద్దున్న తొమ్మిదిన్నర.

ఓస్వాల్డ్ ఇల్లు కొండవాలు మీద, నిలువెత్తు స్తంభాల మీద ఉంటుంది. కిందంతా అగ్నిపర్వతం కక్కిన బూడిదే. గాలి వీస్తే లేస్తుంది, వాన పడితే అణుగుతుంది. చెక్కపలకల నేల సందుల్లోంచి పైకి వస్తుంది కూడా. అందుకే ఆయన రోజూ పొద్దున్నే గడ్డం గీసుకునే బ్రష్షుతో కంప్యూటర్ పెట్టె కంతలన్నీ తుడుస్తాడు. ముప్ఫై ఏళ్ళు టీవీలో పనిచేసి తెచ్చుకున్న ఆస్తి ఆయనకు ఆ పెట్టె, రెండు తెరలు, నాలుగు డిస్కులు, ఆ గదిని చల్లగా ఉంచే ఒక ముసలి ఏసీ. అంతే.

నాలుగు రోజులుగా గురుశిష్యులకు పడటంలేదు. ఆమె టాబ్లెట్‌ని ఆయన పలక అంటాడు. ఆయన కంప్యూటర్‌ని ఆమె బీరువా అంటుంది. సినిమా మొదటిసారి చూసినప్పుడు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని అన్నాడు.

"ఇది సినిమా కాదమ్మాయ్. కోపం."

"కోపంతోనే చేశాను. కోపం లేకుండా ఎలా చేస్తారు మాస్టారూ, చచ్చిపోయింది మా అన్న."

"చెయ్యి. కాదనను. కానీ మేజిస్ట్రేటు ఏడవడు, అడుగుతాడు. ఆ మొహాన్ని పెద్దది చేసి చూపించమంటాడు. నీ పలకలో ఉన్నవన్నీ చిన్న నకళ్ళు. పెద్దది చేస్తే మాసో మొహం పిండిముద్దలా అవుతుంది. అప్పుడు వాళ్ళ లాయరు లేచి, ఇది ఎవరైనా కావచ్చు అంటాడు."

ఆమె ఒప్పుకోలేదు. ఆ బీరువాని కలాంపూన్‌కి ఎవరు మోసుకొస్తారని అడిగింది. జనరేటరు ఎవరు తెస్తారు, ఏసీ ఏ చెట్టుకి తగిలిస్తారు అంది. తాను కూర్చున్న చోట శవం వాసన ఇంకా పోలేదని, అక్కడే కత్తిరించింది కాబట్టే ఊరు కదిలిందని అంది. ఊరు కదిలి ఒక డ్రైవర్ని కాల్చిందని ఆయన గొణిగాడు. ఆ మాటకు ఆమె టాబ్లెట్ పట్టుకుని వెనక మెట్ల మీదికి వెళ్ళిపోయింది.

అయినా పని ఆగలేదు. రెండింటిలోనూ ఉన్నది ఒకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఆమె టాబ్లెట్‌లో వేసిన కోతలన్నీ కంప్యూటర్‌లో ఉన్నవి ఉన్నట్టే తెరుచుకున్నాయి. చిన్న నకళ్ళ స్థానంలో కెమెరా తీసిన అసలు బొమ్మలను ఆయన ఒక్కొక్కటిగా కూర్చోబెట్టాడు. మాసో మొహం కడిగినట్టు తేటపడింది. చెవికున్న పోగు కూడా కనిపించింది. అప్పుడు రెల్వీ మొదటిసారి, బీరువా పనికొస్తుంది అని ఒప్పుకుంది. నీ పలక పరిగెత్తింది, నా బీరువా నిలబడి చూస్తుంది అని ఆయన నవ్వాడు.

ఒక చిక్కు మిగిలింది. ఆమె తీసిన ఆ ముఖ్యమైన ముక్క పదకొండు సెకన్లే. మాసో కడ్డీ ఎత్తుతాడు, దించుతాడు, డొమినిక్ పడతాడు. పదకొండో సెకనులో ఎవడో ఆమెను డొక్కలో తన్నాడు, కెమెరా నేలకు కొట్టుకుని ఆగిపోయింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆమె చూడలేదు. ఇంకేం జరగడానికి మిగిలింది అనుకుంది. ఆమె లెక్కలో అన్న బతుకు ఆ పదకొండో సెకనుతో అయిపోయింది.

కానీ డొమినిక్ ఛాతీకి తగిలించుకునే చిన్న కెమెరా ఒకటి ఉండేది. గొడవ సద్దుమణిగాక బురదలో దొరికింది, అద్దం పగిలి ఉంది. రెల్వీ దాన్ని ఎవరికీ చెప్పకుండా సంచిలో వేసుకుంది. అందులోని కార్డును టాబ్లెట్ తెరవలేకపోయింది. చచ్చిందనుకుని వదిలేసింది. ఓస్వాల్డ్ దానితో రెండు రోజులు కుస్తీపట్టి, ఈ పొద్దున్న కాఫీ తాగే వేళకు ఆరు నిమిషాల బొమ్మ బయటికి లాగాడు. ఆమె పట్టుబట్టడంతో దానికో చిన్న నకలు తీసి టాబ్లెట్‌లో కూడా వేశాడు. తర్వాత కంప్యూటర్‌లో రెండు కెమెరాలనూ శబ్దాన్ని బట్టి జతచేసి, ఒకే క్షణాన్ని రెండు తెరల మీద పక్కపక్కన నడిపించాడు.

ఎడమ తెర మీద పదకొండో సెకను వచ్చింది, నల్లబడింది. కుడి తెర నడుస్తూనే ఉంది.

డొమినిక్ ఛాతీ మీంచి ఊడిన కెమెరా బురదలో పక్కకు పడి ఉంది. లోకం అడ్డంగా కనిపిస్తోంది. మాసో బూట్లు దూరంగా వెళ్ళిపోతున్నాయి. డొమినిక్ మోకాళ్ళ మీద లేస్తున్నాడు. కడ్డీ తగిలింది తలకు కాదు, భుజానికి. చెయ్యి వేలాడుతోంది, చెంప మీద రక్తం, కానీ బతికే ఉన్నాడు. ఉమ్మేసి, లేవబోయాడు.

చెప్పుల్లేని రెండు పాదాలు అతని ముందుకు వచ్చి నిలిచాయి.

"లేవకు అల్లుడూ," అంది ఒక గొంతు మెత్తగా.

ఆ గొంతు రెల్వీ పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే. బ్లాసియస్‌ది. తల్లి అగాతాకు అన్న, తమ వంశానికి పెద్ద. తల్లి వంశమే వంశమైన ఆ నేల మీద తండ్రికన్నా పైవాడు. డొమినిక్‌ని పూడ్చిన రోజున డబ్బుగా చెల్లే గవ్వల చుట్ట విప్పి అందరికీ పంచి, గోతి అంచున కూలబడి ఏడ్చినవాడు.

"నీ సంతకం చూశాను మావయ్యా," అన్నాడు డొమినిక్. ఊపిరి అందడం లేదు. "కంపెనీ కాగితం మీద. అడవంతా రాసిచ్చేశావు. అందరికీ చెప్తాను."

దుంగలు చీల్చే సమ్మెట ఒకటి తెరలోకి వచ్చింది. మొదటి దెబ్బకు డొమినిక్ తల పక్కకు తిరిగింది. రెండో దెబ్బకు కెమెరా అద్దం మీద చుక్కలు పడ్డాయి.

రెల్వీ కుర్చీ తోసేసి వెనక మెట్ల మీదికి పరిగెత్తింది. ఓస్వాల్డ్ బొమ్మ ఆపేశాడు. ఇంకా మూడు నిమిషాలు మిగిలే ఉంది.

ఆమె మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడి ఉండగా కింద మలుపులో బండి ఆగింది. ముగ్గురు దిగారు. ఒకడి భుజాన గొడ్డలి, ఒకడి చేతిలో పొడుగాటి అడవికత్తి. ముందు నడుస్తున్నవాడి చెవికి పోగు.

లోపలికి వచ్చి ఆమె ఒకటే మాట అంది, మాసో వచ్చాడని. ఓస్వాల్డ్ తలుపు గడియ వేసి, బల్ల లాగి అడ్డం పెట్టాడు. ఆమె టాబ్లెట్ తీసుకుని గదంతా చూసింది. ఎక్కడ పెట్టినా దొరికేదే. అప్పుడు నేలలో రెండు పలకల మధ్య సందు కనిపించింది. మునివేళ్ళు దూరేంత. టాబ్లెట్‌ను నిలువునా పట్టి ఆ సందులోంచి వదిలేసింది. కింద బూడిదలో చప్పుడు కూడా కాలేదు.

ఓస్వాల్డ్ తన పెట్టె వంక చూశాడు. అదెక్కడా దూరదు. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా వాటేసుకున్నాడు.

తలుపు నాలుగు దెబ్బలకు చీలింది. గొడ్డలివాడు బల్లను తన్ని లోపలికి వచ్చాడు. జరగమని ముసలాయనకు ఒకసారి చెప్పాడు. ఓస్వాల్డ్ జరగలేదు. గొడ్డలి తిరగేసి మోచేతికి కింద కొట్టాడు. ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది. ఓస్వాల్డ్ అరవలేదు, గొంతులోంచి ఏదో గాలిలా వచ్చింది, ఆ చెయ్యి జారిపోయినా రెండో చేత్తో పెట్టెను వదల్లేదు. రెండో దెబ్బ వేళ్ళ మీద పడింది. అప్పుడు వదిలాడు.

ఆ తర్వాత గదిలో ఏదీ మిగల్లేదు. తెరలు రెండూ గాజుపొడి అయ్యాయి. పెట్టెను గొడ్డలితో నాలుగు చీలికలు చేశారు. రెల్వీ చేతికి దొరికిన కెమెరా స్టాండును ఎత్తి కత్తివాడి మొహం మీద బలంగా కొట్టింది. ముక్కు పగిలి వాడు వెనక్కి తూలాడు. మాసో ఆమె జుట్టు పట్టి గోడకు కొట్టి, కింద పడ్డాక డొక్కలో తన్నాడు. మూడు వారాల కిందట తగిలిన చోటే. ఆమెకు కళ్ళముందు తెల్లగా అయిపోయింది.

"చర్చిలో చూపించావే, ఆ చిన్నదెక్కడ?" అన్నాడు మాసో. "నీతో నాకు పేచీ లేదు పిల్లా. అదిచ్చెయ్. వెళ్ళిపోతాను."

ఆమె నోట్లో రక్తం. పక్కకు ఉమ్మి, గోడకు ఆనుకుని లేచి కూర్చుంది. ఎదురుగా ముక్కలైన పెట్టె కనిపిస్తోంది. వీడు ఏం పగలగొట్టాడో వీడికి తెలియదన్న సంగతి అప్పుడు తట్టింది ఆమెకు. నవ్వొచ్చింది. ఆ నవ్వుకి డొక్క చీల్చినట్టు నొప్పి పుట్టింది.

"ఎందుకు నవ్వుతున్నావు?"

"నువ్వు చంపలేదు మా అన్నని."

మాసో ఎత్తిన కాలు దించాడు.

"నువ్వు కొట్టింది భుజం మీద. నువ్వు వెళ్ళాక లేచాడు. వేరేవాళ్ళు చంపారు. ఆ సంగతి ఇందులో ఉంది. నువ్విప్పుడు నరికించావే, ఇందులో."

మాసో పెట్టె వంక చూశాడు. గొడ్డలివాడు ఇంకా కొడుతూనే ఉంటే ఆపమని చెయ్యి ఎత్తాడు. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న మొహం ఒక్కసారిగా వదులైపోయింది. బల్ల అంచు మీద కూర్చున్నాడు. చాలా రోజులుగా నిద్రలేని మనిషిలా కనిపించాడు.

"కొట్టాను," అన్నాడు. "కొట్టమన్నారు, కొట్టాను. చంపమనలేదు ఎవరూ. బండి దగ్గరికి వెళ్ళాక పోయాడన్నారు. మూడు వారాలుగా ఆ చావు నా చేతిదే అనుకుంటున్నాను. నా పెళ్ళాం నాకు అన్నం పెట్టి మొహం చూడకుండా వెళ్ళిపోతోంది." తల ఎత్తి అడిగాడు, "ఎవరు?"

రెల్వీ నోరు విప్పింది. మేనమామ పేరు పరాయివాడి ముందు అలా పలకడానికి నాలుక ఒప్పుకోలేదు. ఆ పేరు చెబితే తల్లి ఏమవుతుంది, వంశం ఏమవుతుంది, ఆ భూమి ఎవరిదవుతుంది, అన్నీ ఒక్కసారే ముందుకొచ్చాయి. బయట ఇంకో బండి వచ్చి ఆగడం, కుక్క మొరగడం, ఆ వెంటనే ఆగిపోవడం ఆమె విన్నది. మాసో వినలేదు.

"పేరు చెప్పు," అన్నాడు ముందుకు వంగి. "కోర్టుకి నేనే వస్తాను. కొట్టానని ఒప్పుకుంటాను. పేరు చెప్పు."

అప్పుడు వెనక మెట్ల వైపు గుమ్మంలోకి బ్లాసియస్ వచ్చాడు. నెరిసిన గడ్డం, వక్కతో ఎర్రబడ్డ నోరు, నడుముకు పంచెలా చుట్టుకున్న నల్లగుడ్డ. మేనల్లుడి కోసం కట్టిన నలుపు అది. చెప్పుల్లేని పాదాలు పలకల మీద చప్పుడు చెయ్యలేదు. చేతిలో కత్తి ఉంది. రెండడుగులు వేసి, వెనక నుంచి మాసో మెడకూ భుజానికీ మధ్య దించాడు.

కత్తి ఎముకలో ఇరుక్కుంది. కాలితో వీపు తన్ని లాక్కోవలసి వచ్చింది. మాసో ముందుకు, రెల్వీ కాళ్ళ మీద పడ్డాడు. వేడి రక్తం ఆమె ఒళ్ళో నిండింది. అతను తల ఎత్తి ఆమె మొహం వైపే చూస్తున్నాడు. అడిగినదానికి జవాబు కోసం చూస్తున్నట్టే ఉంది. రెండోసారి కత్తి దిగింది. ఆ చూపు అలాగే ఉండిపోయింది.

గొడ్డలివాడు కిటికీలోంచి దూకాడు. ముక్కు పగిలినవాడు ముందు తలుపులోంచి పరిగెత్తి, మెట్ల కింద బ్లాసియస్ వెంట వచ్చిన వంశం మనుషుల చేతుల్లో పడ్డాడు. ఆరుగురు. అందరూ గురువారం కోర్టు కోసం పడవ మీద వచ్చి చర్చివాళ్ళ వసతింట్లో దిగినవాళ్ళే, డొమినిక్‌తో కలిసి దారికి అడ్డంగా కూర్చున్నవాళ్ళే. వాడు దణ్ణం పెట్టడానికి చేతులెత్తాడు. మణికట్టు దగ్గర ఒకటి తెగి బూడిదలో పడింది. తర్వాత కాసేపు కర్రల చప్పుడు, ఆ తర్వాత అదీ లేదు.

బ్లాసియస్ గొంతుక్కూర్చుని, కత్తిని మాసో చొక్కాకే తుడిచాడు. మేనకోడలి కాళ్ళ మీద నుంచి శవాన్ని పక్కకు దొర్లించాడు. ఆమె చెంప మీది రక్తాన్ని అరచేత్తో తుడిచాడు. ఆ చెయ్యి తగలగానే ఆమె ఒళ్ళు కొయ్యబారింది.

"భయపడకు తల్లీ. వచ్చేశాను కదా," అన్నాడు. "మీ అమ్మ కూడా వచ్చింది, బండిలో ఉంది. నిన్ను ఇంటికి తీసుకుపోదామని."

ఆమె తల ఊపింది. మూల కూర్చున్న ఓస్వాల్డ్ విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆమె వంకే చూస్తున్నాడు. చెప్పొద్దని ఆ కళ్ళు అంటున్నాయి.

బ్లాసియస్ లేచి గది కలియజూశాడు. చీలిన పెట్టెను కాలితో కదిపాడు. డిస్కులు నాలుగింటిలో రెండు ఇంకా ముక్కలు కాలేదు. వాటిని తీసి చేత్తో బరువు చూశాడు. కిటికీ దగ్గర పడి ఉన్న గొడ్డలి తెచ్చి, వాటిని గడప మీద పెట్టి ఒక్కొక్కటీ చితక్కొట్టాడు. నింపాదిగా, వడ్లు దంచినట్టు. కంపెనీవాళ్ళు మళ్ళీ వస్తే ఏమీ దొరక్కూడదు కదా అన్నాడు. ఓస్వాల్డ్ కళ్ళు మూసుకున్నాడు.

"నువ్వు చేసిన సినిమా ఉందిగా, చర్చిలో వేసింది. చాలు కోర్టుకి. అదేదీ?"

"కింద ఉంది మావయ్యా."

"ఇలా తే. నేను దాస్తాను గురువారం దాకా."

రెల్వీ గోడ పట్టుకుని లేచింది. మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టుకీ డొక్క పొడుస్తోంది. ఇల్లు దాటి బండెక్కితే తాను కోర్టు మొహం చూడదని ఆమెకు తెలిసిపోయింది. దోవ పొడుగునా అడవే. పడవలో సముద్రం. అన్నను ఏడ్చి పూడ్చినట్టే తననూ పూడుస్తాడు. అబద్ధం చెప్పి టాబ్లెట్ దాచొచ్చు. దాచి ఎవరికి చూపిస్తుంది, ఎప్పుడు? ఎవరు చూడాలో వాళ్ళు ఆరుగురూ ఇక్కడే, చేతుల్లో కర్రలతో ఎండలో నిలబడి ఉన్నారు. చూడనిస్తే వాళ్ళ ముందు ఆయన ఏమీ చెయ్యలేడు. చేసినా, చేశాడని ఆరుగురికి తెలుస్తుంది.

స్తంభాల మధ్యకు వెళ్ళి బూడిదలో చెయ్యి పెట్టి వెతికింది. దొరికింది. ఒక మూల గాజు నెరియ పట్టింది. లంగా అంచుతో తుడిచి నొక్కితే వెలిగింది.

బయటికి వచ్చేసరికి మామ మెట్ల కింద చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆమె ఇవ్వలేదు, తానే పట్టుకుని చూపించింది. మాసో కడ్డీ ఎత్తడం, దించడం, పదకొండు సెకన్లు. ఆయన కళ్ళు ఆర్పకుండా చూశాడు.

"తర్వాత?"

"కెమెరా పడిపోయింది మావయ్యా."

"నీది పడిపోయింది," అన్నాడు బ్లాసియస్, ఇద్దరికే వినిపించేలా. "మీ అన్న గుండెల మీద ఒకటుండేది. శవాన్ని కడిగినప్పుడు లేదు. అదేమైంది?"

ఆమె ఆయన్ని దాటుకుని బండి దగ్గరికి నడిచింది. ముందు సీట్లో తల్లి కూర్చుని ఉంది, నల్ల రవిక, తలకు నల్ల గుడ్డ. అద్దంలోంచి కూతురి ఒంటి మీది రక్తం చూసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. రెల్వీ టాబ్లెట్‌ను బండి బానెట్ మీద పెట్టి, శబ్దం పూర్తిగా పెంచింది.

"అందరూ ఇలా రండి," అంది. "చర్చిలో మీకు సగమే చూపించాను. నాకప్పటికి సగమే తెలుసు. మిగతాది మా అన్న తీశాడు."

ఆరుగురూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. వెనక నుంచి బ్లాసియస్ వస్తున్నాడు, మామూలు నడకే. ఆమె వేలితో తెరను తాకింది.

తొమ్మిది నిమిషాల సినిమాకు ఏడ్చిన మనుషులే వాళ్ళు. దీనికి ఏడవలేదు. గొంతు వినగానే ఒకరు తల ఎత్తి బ్లాసియస్ వంక చూశారు, తర్వాత ఇంకొకరు. సంతకం మాట వచ్చినప్పుడు డొమినిక్‌తో చిన్నప్పటి నుంచీ పెరిగిన లినస్ అనేవాడు కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. సమ్మెట దిగినప్పుడు ఎవరూ కదల్లేదు. బ్లాసియస్ అడుగు ఆగిపోయింది. కత్తి చేతిలోనే ఉంది, కానీ ఆయన చుట్టూ ఖాళీ ఏర్పడింది. ఎవరూ జరిగినట్టు కనిపించలేదు, ఖాళీ మాత్రం ఏర్పడింది.

"ఆపు," అన్నాడు బ్లాసియస్.

ఆ మాటలో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది. అది రెల్వీకి అర్థం కాలేదు. ఆయన మొహంలోని భయం ఆయన కోసం కాదని మాత్రం తెలిసింది.

"ఆపు తల్లీ. చేసింది నేనే, ఒప్పుకుంటున్నాను వీళ్ళందరి ముందూ. కట్టెయ్యండి నన్ను. అది మాత్రం ఆపు."

పొద్దున్న రెల్వీ చూసింది ఇంతవరకే. తర్వాతి మూడు నిమిషాలు ఆమె చూడలేదు, ఓస్వాల్డూ చూడలేదు. ఆమె ఆపలేదు.

తెర మీద అద్దం మీది చుక్కలు ఎండుతున్నాయి. డొమినిక్ చెయ్యి బురదలో వెల్లకిలా ఉంది. చెప్పుల్లేని పాదాలు అక్కడే ఉన్నాయి. కాసేపటికి ఇంకో రెండు పాదాలు వచ్చి వాటి పక్కన నిలిచాయి. చిన్నవి, ఆడమనిషివి, బురద అంటిన నల్లంచు లంగా కింద. వంగిన చెయ్యి ఒకటి డొమినిక్ ముక్కు ముందు ఆగింది.

"ఇంకా ఊపిరుందా అన్నయ్యా?" అంది అగాతా గొంతు, ఏ కంగారూ లేకుండా.

రెల్వీ తల ఎత్తింది. బండి అద్దం వెనక తల్లి చెయ్యి నోటి మీద నుంచి తీసేసింది. ఇద్దరి మధ్యా అద్దమొక్కటే ఉంది. అగాతా కూతురి కళ్ళలోకే చూస్తూ, పక్కకు చెయ్యి చాచి, బండి తలుపు తెరిచింది.